సదిశలు: ముందు ముగ్గు చుక్కలు, కొబ్బరి ఈనెలు, ఆ తర్వాతే ఐ బార్, జె బార్

మేడమ్, మీరు అడిగింది ఇది: ఇంటర్ మొదటి ఏడాది, క్లాసులో 60 మంది, ల్యాబ్ లేదు, ప్రొజెక్టర్ లేదు. పిల్లలు సూత్రాలన్నీ అప్పజెబుతారు. కానీ 3 యూనిట్ల సదిశకు (పరిమాణంతో పాటు దిశ కూడా ఉన్న రాశిని సదిశ అంటాం, బాణంగా గీస్తాం) 4 యూనిట్ల సదిశ కలిపితే ఎంత అంటే సగం క్లాసు 7 అంటుంది. ఒకటి రెండు పీరియడ్లలో పిల్లల చేత చేయించగలిగేది ఏదైనా ఉందా అన్నారు.

ఉంది. నేను ఇరవై రెండేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. మొదటి ఆరేడేళ్లు పుస్తకం వరసలోనే చెప్పాను: నిర్వచనం, ఐ బార్, జె బార్ (అడ్డంగా, నిలువుగా ఒక్కో యూనిట్ సదిశకు పెట్టిన పేర్లు), సదిశలను కలిపే త్రిభుజ నియమం, సమాంతర చతుర్భుజ నియమం, తర్వాత నాలుగు లెక్కలు. ఒకరోజు రెండో బెంచీలో కూర్చునే అమ్మాయి లేచి అడిగింది: "సార్, ఆ బాణాన్ని అక్కణ్ణుంచి తీసి ఇక్కడ పెడితే అది వేరే బాణం అవదా? రెండూ ఒకటే అని ఎలా అంటున్నారు?" పరిమాణం మారలేదు, దిశ మారలేదు, అందుకని ఒకటే అని చెప్పి ముందుకెళ్లిపోయాను. ఆ అమ్మాయి తలూపి కూర్చుంది కానీ ముఖం చూస్తే అర్థం కాలేదని తెలుస్తూనే ఉంది. చాలా రోజులు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆలోచించేకొద్దీ, ఈ పాఠంలో అసలు ప్రశ్న అదేననిపించింది. సదిశను అది గీసిన చోటు నుంచి విడదీసి చూడడం రానివాళ్లకు త్రిభుజ నియమం ఎప్పటికీ బట్టీ పట్టాల్సిన వాక్యమే. మనమేమో బోర్డు మీద సుద్దతో గీసి, జరపండి అంటాం. సుద్దగీత జరగదు కదా.

అందుకని ఇప్పుడు నేను మొదటి పీరియడ్ గ్రౌండ్‌లో పెడతాను, రెండోది క్లాసులో. మొత్తం ఖర్చు చాలా తక్కువ.

ముందు గ్రౌండ్ సంగతి. ముగ్గుపిండితో చుక్కలు పెట్టించండి: అడ్డంగా 9, నిలువుగా 11, చుక్కకూ చుక్కకూ మధ్య 60 సెంటీమీటర్లు. ఇంట్లో చుక్కల ముగ్గు వేసే అలవాటున్న పిల్లలుంటే ఇంటర్వెల్ అయ్యేలోపు వరస తప్పకుండా పెట్టేస్తారు. వాన పడుతుంటే, గదిలో రెండడుగుల టైల్స్ ఉంటే ముగ్గు కూడా అక్కర్లేదు, టైల్స్ కలిసే మూలలే చుక్కలు. ఎడమ నుంచి మూడో వరస, కింది నుంచి నాలుగో వరస కలిసే చుక్క మీద ఒక రాయి పెట్టండి. బయల్దేరే చోటు అదే. ఆ చోటే ఎందుకంటే, కింద చెప్పే చీటీలను ఏ వరసలో నడిచినా పిల్లలు చుక్కలు దాటి బయటికి పోరు.

నాలుగు చీటీలు రాయండి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది, నేను రెండు మూడేళ్లు తప్పు చేశాక తెలుసుకున్నది. చీటీలో "ముందుకు 4, కుడికి 3" అని రాయకూడదు. పిల్లవాడు ఒకసారి తిరిగాడంటే వాడి ముందు, వాడి కుడి కూడా వాడితో పాటు తిరిగిపోతాయి. కదలని గుర్తులు ఎంచుకోండి. మా కాలేజీలో కుడివైపు గేటు, ఎదురుగా వాటర్ ట్యాంకు ఉంటాయి. కాబట్టి మా చీటీలు ఇలా ఉంటాయి. మొదటిది: గేటు వైపు 3, ట్యాంకు వైపు 4. రెండోది: గేటుకు వ్యతిరేకంగా 2, ట్యాంకు వైపు 1. మూడోది: గేటు వైపు 1, ట్యాంకుకు వ్యతిరేకంగా 3. నాలుగోది: గేటు వైపు 2, ట్యాంకు వైపు 2.

60 మందిని పది గ్రూపులు చేయండి. ఒక్కో గ్రూపుకు ఇవే నాలుగు చీటీలు, కానీ వేరే వరసలో. నాలుగు చీటీలను 24 వరసల్లో పేర్చవచ్చు కాబట్టి పది గ్రూపులకూ పది వరసలు ఇవ్వడం కష్టమేం కాదు. గ్రూపులో ఒకరు నడుస్తారు, ఒకరు చదువుతారు, మిగతావాళ్లు గ్రాఫ్ కాగితం మీద గీస్తారు. ఒక్కో చీటీకి బయల్దేరిన చుక్క నుంచి చేరాల్సిన చుక్కకు అడ్డదారిన సూటిగా నడవాలి.

నడిచే ముందే ప్రతి గ్రూపూ తాము ఏ చుక్క మీద ఆగుతామో కాగితం మీద రాసి మడిచి మీకు ఇవ్వాలి. దయచేసి ఈ మెట్టు వదిలెయ్యకండి. ముందే ఒక మాట చెప్పి కట్టుబడిన పిల్లవాడు ఆఖరి అడుగు వరకూ కళ్లార్పకుండా చూస్తాడు. ఊరికే నడిచిన పిల్లవాడికి అది పీటీ పీరియడ్.

మొదటి గ్రూపు నడిచి ఒక చుక్క మీద ఆగుతుంది. రెండో గ్రూపు వేరే దారిలో తిరిగి తిరిగి అదే చుక్క మీదకు వస్తుంది. మూడో గ్రూపు కూడా అక్కడికే వచ్చేసరికి గోల మొదలవుతుంది, ఆ గోలను ఆపకండి. పది గ్రూపులూ ఒకే చుక్కకు చేరతాయి: రాయి నుంచి గేటు వైపు 4, ట్యాంకు వైపు 4. సదిశల సంకలనంలో వరస మారినా ఫలితం మారదన్న ధర్మాన్ని మీరు చెప్పాల్సిన పని ఉండదు, వాళ్లే మీకు చెబుతారు.

ఇప్పుడు రాయి నుంచి ఆ చుక్క దాకా పురికొస లాగి పట్టుకోమనండి. టేపుతో కొలిస్తే దాదాపు 3 మీటర్ల 40 సెంటీమీటర్లు. నాలుగు చీటీల నడకా విడివిడిగా కొలిచి కూడితే దాదాపు 8 మీటర్లు. పిల్లలు నడిచింది 8 మీటర్లు, చేరింది 3.4 మీటర్ల దూరం. దూరానికీ స్థానభ్రంశానికీ తేడా అక్కడ నేల మీద కనిపిస్తుంది. ఆ పురికొసే ఫలిత సదిశ.

మడిచిన కాగితాలు అప్పుడు విప్పండి. ఏదో ఒక గ్రూపు ముందే సరిగ్గా చెప్పి ఉంటుంది. ఎలా చెప్పారని వాళ్లనే అడగండి. "గేటు అంకెలు విడిగా కూడాం సార్, ట్యాంకు అంకెలు విడిగా కూడాం" అంటారు. అంశాల పద్ధతి అంటే అంతే కదా. ఆ తర్వాతి రోజు బోర్డు మీద, గేటు వైపు ఒక చుక్క జరగడానికి ఐ బార్ అని పేరు పెడుతున్నాం, ట్యాంకు వైపు ఒక చుక్కకు జె బార్ అని పేరు, అంటే చాలు. తెలిసిన వస్తువుకు పేరు పెట్టడం వేరు, పేరు చెప్పి వస్తువును ఊహించుకోమనడం వేరు.

గ్రౌండ్ వదిలే ముందు ఇంకో రెండు చేయించండి. అయిదో చీటీలో ఏం రాస్తే మళ్లీ రాయి దగ్గరకు వస్తాం? అందరూ చెప్పగలరు. వెనక్కి తెచ్చే ఆ చీటీ రుణ సదిశ, మొత్తం జరిగింది సున్నా కావడం శూన్య సదిశ, రెండూ ఆ ఒక్క చీటీతో అయిపోతాయి. రెండోది ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు. మొదటి చీటీని ముగ్గురికి ఇచ్చి, ముగ్గురినీ మూడు వేర్వేరు చుక్కల మీద నిలబెట్టి, ఒకేసారి నడవమనండి. ముగ్గురూ పక్కపక్కన సమాంతరంగా నడుస్తారు. అప్పుడు అడగండి: "వీళ్లు నడిచిన చోట్లు మూడు. చీటీలు ఎన్ని?" ఒకటే. సదిశ అంటే నేల మీద గీత కాదు, ఆ చీటీ. ఎక్కడ నిలబడి చదివినా చీటీ మారదు. ఇన్నేళ్లలో ఈ మాటకు అర్థం కాలేదన్న పిల్లలు నాకు చాలా తక్కువ మంది కనిపించారు.

రెండో పీరియడ్‌కు కొబ్బరి ఈనెల చీపురు ఒకటి కొనండి. ఈనెకు పుట్టుకతోనే మొదలు, కొస ఉంటాయి, మొదలు లావు, కొస సన్నం. ముక్కలుగా కోశాక ఆ తేడా తెలియదు కాబట్టి కొసవైపు నెయిల్ పాలిష్‌తో ఎర్ర చుక్క పెట్టండి. ఇద్దరికి ఒక జత చొప్పున, ఒకటి 6 సెంటీమీటర్లు, ఇంకొకటి 8. రెండు సెంటీమీటర్లు ఒక యూనిట్ అనుకుంటే అవి 3, 4. మీ క్లాసు 7 అన్నది వీటి గురించే.

ఇప్పుడు పని చెప్పండి. మొదటి ఈనె కొసకు రెండో ఈనె మొదలు ఆనించాలి. మొదటి ఈనె మొదలు నుంచి రెండో ఈనె కొస దాకా స్కేలుతో కొలవాలి. త్రిభుజ నియమం అంటే ఇదే. ఆ కొలత 14 సెంటీమీటర్లు, అంటే 7 యూనిట్లు, వచ్చేలా పెట్టమనండి. పెడతారు, రెండూ ఒకే గీతలో ఉంటాయి. 1 వచ్చేలా పెట్టమనండి. కాసేపు తిప్పి తిప్పి, రెండోదాన్ని వెనక్కి మడిచి పెడతారు. 5 వచ్చేలా పెట్టమనండి. మూల దగ్గర లంబకోణం దానంతటదే ఏర్పడుతుంది, చాలామంది పైథాగరస్ అని అరుస్తారు. తర్వాత 8 వచ్చేలా పెట్టమనండి. రెండు నిమిషాలు వదిలెయ్యండి. రాదని వాళ్లు చెప్పాలి, ఎందుకు రాదో కూడా వాళ్లే చెప్పాలి. 3, 4 కలిస్తే 1 నుంచి 7 దాకా ఏదైనా కావచ్చు, ఎంతన్నది వాటి మధ్య కోణాన్ని బట్టి ఉంటుందన్నది వేళ్లకు తెలిసిపోతుంది.

6 వచ్చేలా పెట్టి కోణమాని పెట్టమన్నప్పుడు ఒక తప్పు తప్పకుండా వస్తుంది, దానికి సిద్ధంగా ఉండండి. పిల్లలు త్రిభుజం లోపలి కోణం కొలిచి దాదాపు 117 డిగ్రీలు అంటారు. ఫలిత సదిశ పరిమాణం కట్టే సూత్రంలో ఆ కోణం వేస్తే 6 రాదు, సుమారు 3.7 వస్తుంది. సదిశల మధ్య కోణం అంటే రెండింటి మొదళ్లు ఒక చోట ఉన్నప్పటి కోణం. రెండో ఈనెను తిప్పకుండా, గీతల నోట్‌బుక్ గీతల ఆసరాతో జరిపి, మొదలుకు మొదలు ఆనించి మళ్లీ కొలవమనండి. దాదాపు 63 వస్తుంది. సమాంతర చతుర్భుజ నియమం అప్పుడు చెప్పండి. త్రిభుజ నియమం, సమాంతర చతుర్భుజ నియమం రెండూ ఒకటేనని, ఈనె పెట్టిన చోటు మాత్రమే వేరని వాళ్ల చేతుల్లోనే ఉంటుంది. పరీక్షల్లో ఈ కోణం తప్పు వల్ల మార్కులు పోగొట్టుకున్న మంచి పిల్లల్ని చాలామందిని చూశాను.

ఇక వ్యవకలనం. సంకలనం కంటే దీనికి ఎక్కువ టైమ్ ఇవ్వండి. సాపేక్ష వేగం (కదులుతున్న ఒకదాని నుంచి చూస్తే ఇంకొకదాని వేగం), స్థానభ్రంశం, రెండు బిందువుల్ని కలిపే సదిశ, అన్నీ దీని మీదే నిలబడతాయి, తప్పులూ అన్నీ ఇక్కడే. ఎ మైనస్ బి గీయమంటే బాణం ఎటు గీయాలో క్లాసులో సగం మంది అదృష్టం మీద వదిలేస్తారు.

నేను కిరాణా కొట్టుతో మొదలుపెడతాను. 35 రూపాయల సరుకు కొని 50 ఇస్తే, పాతకాలం కొట్టాయన తీసివేత చెయ్యడు. సరుకు చేతికిస్తూ ముప్పై అయిదు అంటాడు, అయిదు పెట్టి నలభై అంటాడు, పది పెట్టి యాభై అంటాడు. 35 కు ఎంత కలిపితే 50 అవుతుందో అదే చిల్లర. ఎ మైనస్ బి కూడా అంతే: బి కి ఏం కలిపితే ఎ వస్తుంది? రెండు ఈనెల మొదళ్లూ ఒక చోట పెట్టండి. బి కొస దగ్గర నిలబడి ఉన్నాం, ఎ కొసకు వెళ్లాలి. కాబట్టి బాణం బి కొస నుంచి ఎ కొసకు. ఇంక తికమక లేదు. బి ని తిరగేసి ఎ కు కలిపినా అదే పొడవు, అదే దిశ వస్తుందని ఈనెలతో సరిచూసుకోమనండి.

వీలైతే ముగ్గు దగ్గరికి మళ్లీ తీసుకెళ్లండి. ఒకరిని రాయి నుంచి గేటు వైపు 1, ట్యాంకు వైపు 4 దగ్గర నిలబెట్టండి. ఇంకొకరిని గేటు వైపు 5, ట్యాంకు వైపు 2 దగ్గర. మొదటివాళ్లు రెండోవాళ్ల దగ్గరకు వెళ్లాలంటే చీటీలో ఏం రాయాలి? గేటు వైపు 4, ట్యాంకుకు వ్యతిరేకంగా 2. దాన్ని స్థాన సదిశలతో (రాయి నుంచి ఒక్కొక్కరు నిలబడ్డ చోటుకు ఉన్న సదిశలతో) రాయమంటే చాలామంది బయల్దేరిన చోటును ముందు రాస్తారు, మనం మాట్లాడేటప్పుడు "ఇక్కణ్ణుంచి అక్కడికి" అంటాం కాబట్టి. ఆ అలవాటే దెబ్బ తీస్తుంది. బండి మీటరు గుర్తు చేయండి: ఎన్ని కిలోమీటర్లు తిరిగామో తెలియాలంటే చేరాక ఉన్న రీడింగ్‌లోంచి బయల్దేరినప్పటి రీడింగ్ తీసేస్తాం. ఇక్కడా అంతే, చేరిన చోటులోంచి బయల్దేరిన చోటు తీసెయ్యాలి.

సాపేక్ష వేగానికి ఒక చార్టు, ఒక కీ ఇచ్చే బొమ్మ కారు చాలు. టేబుల్ మీద చార్టు పరిచి, కారును అడ్డంగా వదిలి, అదే సమయంలో చార్టును పక్కకు మెల్లగా లాగండి. కారు ముక్కు ఎటో ఉంటుంది, అది పోయేది ఇంకెటో. టేబుల్ అవతలి అంచున ఎదురుగా పెట్టిన సుద్దముక్క దగ్గరకు కారు చేరాలంటే ముక్కు ఎటు తిప్పాలో పిల్లల్నే ప్రయత్నించమనండి. మాది గోదావరి జిల్లా కాబట్టి నేను నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య పంటు గుర్తు చేస్తాను. ఏటివాలు గట్టిగా ఉన్నప్పుడు ఎదుటి రేవుకేసి సూటిగా పట్టి నడిపితే కిందికి కొట్టుకుపోతుంది, కొంచెం ఎగువకు పట్టాలి. లెక్క కోసం పడవ వేగం 5, వాలు 3 అనుకుంటే, ఎదుటి రేవుకు సూటిగా చేరేలా పట్టినప్పుడు నదికి అడ్డంగా మిగిలే వేగం 4. మళ్లీ అవే 3, 4, 5 అని పిల్లలే పట్టేస్తారు.

బలాల దాకా వచ్చాక ఒక్క తాడు ప్రయోగం చేయించండి. పుస్తకాలు నింపిన బ్యాగు, సుమారు 10 కిలోలు, తాడు మధ్యలో కట్టండి. బలమైన ఇద్దరిని రెండు చివరలా లాగమనండి, తాడు అడ్డంగా తిన్నగా రావాలి, మధ్యలో వంపు ఉండకూడదు. ఎంత లాగినా రాదు. ఇంకో ఇద్దరు సాయం వచ్చినా రాదు. కారణం అంశాల్లోనే ఉంది: బ్యాగు బరువు మోసేది తాడు లాగుడులో పైకి ఉన్న అంశం మాత్రమే. తాడు అడ్డగీతకు 30 డిగ్రీలు వంగి ఉంటే ఒక్కో చివర తన్యత, అంటే తాడు లాగుడు, 10 కిలోల బరువుకు సమానం. 5 డిగ్రీలే వంగితే దాదాపు 57 కిలోల బరువుకు సమానం. పూర్తిగా అడ్డంగా ఉంటే పైకి అంశమే ఉండదు, ఇక మోసేదెవరు? దండెం మీద తడిబట్టలు ఆరేసినప్పుడు దండెం ఎందుకు వంగుతుందో ఆ రోజు ఇంటికెళ్లి అమ్మకు చెప్పానని ఒకబ్బాయి అన్నాడు. జాగ్రత్త మాత్రం తప్పనిసరి: గట్టి నూలు తాడు వాడండి, చేతులకు టవల్ చుట్టించండి, బ్యాగు కింద ఎవరి కాళ్లూ ఉండకూడదు.

సదిశల గుణకారాలైన అదిశా లబ్ధం (డాట్), సదిశా లబ్ధం (క్రాస్) ఇదే వారంలో పెట్టకండి. సంకలనం చేతికి అలవాటు కాకుండా గుణకారానికి పోతే రెండూ కలగాపులగం అవుతాయి. వాటి సమయం వచ్చినప్పుడు బ్యాగును తాడుతో ఏటవాలుగా లాగడం ఒకదానికి, తలుపును గడియ దగ్గర, కీలు దగ్గర నెట్టి చూడడం రెండోదానికి సరిపోతాయి.

ఐ, జె, మూడో దిశకు కె అనే అక్షరాలే ఎందుకని ఎవరో ఒకరు అడుగుతారు. ఐర్లాండ్ గణిత శాస్త్రవేత్త హామిల్టన్ 1843 అక్టోబర్ 16న డబ్లిన్‌లో కాలువ గట్టున నడుస్తుండగా క్వాటర్నియన్లు అనే నాలుగు అంశాల సంఖ్యల సూత్రం తట్టి, దాన్ని వంతెన రాయి మీద చెక్కాడు. ఆ సూత్రంలోని అక్షరాలే ఇవి. 1880లలో అమెరికాలో గిబ్స్ ఆ క్వాటర్నియన్ల గుణకారాన్ని విడదీసి డాట్, క్రాస్ అని రెండుగా మనకిచ్చాడు. రెండు నిమిషాల కథ, పిల్లలు ఇష్టంగా వింటారు. ఇంకో మాట: మ్యాథ్స్ సార్ ఐ బార్ అంటే, ఫిజిక్స్ సార్ ఐ క్యాప్ అంటారు. రెండూ ఒకటేనని ఎవరూ చెప్పక, ఏడాదంతా వేర్వేరనుకున్న పిల్లలున్నారు. మొదటి రోజే చెప్పెయ్యండి. సీబీఎస్‌ఈ పిల్లలకు ట్యూషన్ చెప్పేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: వాళ్లకు ఫిజిక్స్‌లో సదిశలు 11వ తరగతిలోనే కావాలి, మ్యాథ్స్‌లో ఆ అధ్యాయం 12లో వస్తుంది. అందుకని వాళ్లకు ఫిజిక్స్ క్లాసే మొదటి క్లాసు.

మీ దగ్గర ఫోను ఉంటే కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లలో సదిశల సంకలనం ఉచితంగా దొరుకుతుంది, జియోజీబ్రా అనే గణిత యాప్ కూడా ఉచితమే. రెండూ మంచివి. కానీ గ్రౌండ్, ఈనెలు అయ్యాకే చూపించండి. స్క్రీన్ మీద బాణాన్ని వేలితో లాగినప్పుడు జవాబు దానంతటదే వచ్చేస్తుంది, పిల్లవాడు ముందే ఊహించాల్సిన అవసరం ఉండదు.

మూడో రోజు క్లాసు మొదలవగానే, పుస్తకాలు మూయించి మూడు ప్రశ్నలు అడగండి, చేతులెత్తడం కాదు, అందరూ రాయాలి. 5, 9 పరిమాణాలున్న రెండు సదిశలు కలిస్తే 3 వస్తుందా? ఒకే పరిమాణం ఉన్న మూడు సదిశలు కలిసి శూన్యం కావాలంటే ఎలా పెట్టాలి? ఎ మైనస్ బి పరిమాణం, ఎ ప్లస్ బి పరిమాణం ఎప్పుడు సమానమవుతాయి? మూడోదానికి పదిమంది రాసినా సంతోషించండి. మొదటిదానికి మాత్రం అయిదారుగురి కంటే ఎక్కువమంది తప్పు రాస్తే ముందుకెళ్లకండి, ఈనెలు మళ్లీ పంచండి, ఈసారి 10 సెంటీమీటర్లు, 18 సెంటీమీటర్లు కోసినవి. చీపురులో ఎటూ మిగిలే ఉంటాయి.